మూడో చక్రం ఎటువైపు

కుట్టు మిషన్లు బాగుచేసే ఆయన్ని అందరూ సూది మాస్టారు అనేవాళ్ళు. మోటారుసైకిల్ వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని దర్జీ దుకాణాలూ, చొక్కాల ఫ్యాక్టరీలూ తిరిగేవారు. ఇంట్లో కూర్చోవడం ఆయనకు చేతకాని పని. అలాంటి మనిషిని ఒక పొద్దున పక్షవాతం మంచానికి కట్టిపడేసింది. మాట తిరిగొచ్చింది, చేతులు తిరిగొచ్చాయి గానీ ఎడమకాలు మాత్రం సగమే వచ్చింది. చేతికర్ర పట్టుకుని నడవగలరు. బండి ఆపినప్పుడు కాలు కిందపెట్టి నిలబెట్టడం మాత్రం కుదరదు.

"రెండు చక్రాల మీద పడిపోతే మూడు చక్రాల మీద తిరుగుతాను. అంతేగా!" అన్నారాయన.

ఆయన భార్య ఇంటి ముందుగదిలో చొక్కాలు కుట్టేది. ఆ మాట వినగానే మిషన్ తొక్కడం ఆపేసింది. ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన గడిపిన రోజులు ఆమె ఇంకా మరిచిపోలేదు. వద్దంటే ఆయన నిలువునా కుంగిపోతారు, సరేనంటే తన ప్రాణం కుదుటపడదు. చివరికి మోటారుసైకిళ్ళ షెడ్డు నడిపే తమ్ముడికి ఫోన్ చేసింది.

అతను సెలవురోజున రెండు బళ్ళు తెచ్చి, గోదాముల మధ్య ఖాళీ స్థలంలో నిలబెట్టాడు. ఒకటి వెనక రెండు చక్రాలున్న ట్రైక్. రెండోది మామూలు మోటారుసైకిలే, ఎడమపక్కన తొట్టిలాంటి సైడ్‌కార్ బిగించి ఉంది. రెండింటికీ గేరు చేత్తో వేసేలా మీట అమర్చాడు.

"బావా, ఇవి రెండూ బళ్ళే గానీ రెండింటి బుద్ధులూ వేరు. ట్రైక్ ఒరగదు. నువ్వు ఒంటిని వంచినా అది పట్టించుకోదు, హ్యాండిల్ తిప్పాల్సిందే. సైడ్‌కార్‌కి ఇంకో తిక్క. వేగం పెంచితే ఎడమకి లాగుతుంది, బ్రేక్ వేస్తే కుడికి లాగుతుంది. తొట్టి ఖాళీగా ఉండి ఎడమకి గట్టిగా తిప్పావంటే పక్క చక్రం గాల్లోకి లేస్తుంది."

"నీ అక్కతో కాపురం చేస్తున్నవాణ్ణిరా. తిక్కలు నాకు కొత్తా?" అన్నారు మాస్టారు. చాలా రోజుల తర్వాత ముగ్గురూ నవ్వారు.

ముందు ట్రైక్ ఎక్కారు. భార్య వెనక కూర్చుంది. వీపుకి దిండు, చేతులకి ఆనుడు, కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. బండి ఆపినా కాలు దించే పనిలేదు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. కానీ మలుపు రాగానే పాత అలవాటున ఒళ్ళు వంచారు. బండి వంగలేదు, తిరగలేదు, తిన్నగా గోడవైపు దూసుకెళ్ళింది. ఆఖరిక్షణంలో హ్యాండిల్ లాగారు. వెనకున్నామె మలుపుకి బయటివైపు విసురుగా ఒరిగిపోయి, ఆనుడు పట్టుకుని నిలదొక్కుకుంది. ఇంకో చుట్టులో వెనక ఎడమచక్రం కాలిబాట గట్టెక్కి దబ్బున దిగింది.

"వెనక వెడల్పు ఇంకా అలవాటు కాలేదు. నాలుగు రోజులు తిప్పితే అదే వస్తుంది," అన్నాడు బావమరిది. ఆమె కూడా అలాగే అనుకుంది.

తర్వాత సైడ్‌కార్. ఆమె తొట్టిలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేల చేతికందేంత దగ్గరగా ఉంది. మాస్టారు ఎంత తప్పించినా పక్క చక్రం మాత్రం ప్రతి గుంతనీ వెతుక్కుని మరీ దిగుతోంది. నడుము కలుక్కుమంటోంది. అయినా ఒక సుఖం ఉంది. వెనక కూర్చుంటే ఆయన వీపు తప్ప ఏమీ కనబడదు. ఇక్కడినుంచి ముఖం కనిపిస్తుంది. పెదవి కొరుక్కుంటూ, చిన్నపిల్లాడిలా ఏకాగ్రతగా నడుపుతున్న ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

అందుకే ఆలస్యంగా గమనించింది. గోదాము సిమెంటు స్తంభం తిన్నగా తనవైపే వస్తోంది. ఆయన తప్పిస్తారనుకుంది. తప్పించలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చూపు ముందుకే ఉంది, ముఖంలో మాత్రం ఏ కంగారూ లేదు.

"స్తంభం! ఏవండీ, స్తంభం!"

ఉలిక్కిపడి బ్రేక్ నొక్కారు. బండి కుడికి లాగేసింది. ఆ లాగడమే ఆమెను కాపాడింది. తొట్టి మడ్‌గార్డు మాత్రం స్తంభానికి గీసుకుని కీచుమంది.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "బ్రేక్ వేస్తే కుడికి లాగుతుందని చెప్పానుగా..."

"బండి తప్పు కాదురా," అంది ఆమె. తొట్టిలోంచి దిగి భర్త ఎడమపక్కన, కాస్త వెనగ్గా నిలబడి చెయ్యి పైకెత్తింది. "తల తిప్పకండి. నా చెయ్యి కనిపిస్తోందా?"

ఆయన కళ్ళు ముందుకే చూస్తున్నాయి.

ఆమె మెల్లగా ముందుకు జరిగింది. దాదాపు ఆయన ముక్కుకి ఎదురుగా వచ్చాక గానీ ఆయన కళ్ళు ఆ చేతివైపు కదల్లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఆస్పత్రి నుంచి వచ్చాక. కళ్ళజోడు మారిస్తే పోతుందిలే అనుకున్నాను." హ్యాండిల్ వదల్లేదు, తల ఎత్తలేదు. "డాక్టరు వేళ్ళు చూపిస్తే ఊహించి చెప్పేశాను. నిజం చెప్తే నన్ను బండెక్కనిస్తారా మీరు?"

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీనా?" అంది. ఆ ఒక్కమాటకి ఆయన ముఖం పాలిపోయింది.

కళ్ళ డాక్టరమ్మ పరీక్షచేసి, రెండు కళ్ళకీ ఎడమవైపు చూపు పోయిందని చెప్పింది. జబ్బు మెదడులో మిగిల్చిన నష్టమట, కళ్ళజోడుతో తీరేది కాదట. తల తిప్పి చూడటం అలవాటు చేసుకోమంది. బండి మాత్రం నడపకూడదని ఖరాఖండిగా చెప్పింది.

ఆ తర్వాత మాస్టారు కిటికీ పక్కన కుర్చీకి అతుక్కుపోయారు. గడ్డం గీసుకోవడం మానేశారు. దర్జీలు ఫోన్ చేస్తే పెట్టేయమని చేత్తో సైగ చేసేవారు. ఆమె ఎంత కదిలించినా ఊ అనేవారు కాదు. పోట్లాడితేనైనా నయమనిపించేది ఆమెకి.

చివరికి తనే తమ్ముడి షెడ్డుకి వెళ్ళింది. "నాకు నేర్పరా. ఆయన్ని నేనే తిప్పుతాను."

"నీకు సైకిలే సరిగ్గా రాదు కదే అక్కా!"

"అందుకే మూడు చక్రాలది అడుగుతున్నాను."

రోజూ ఉదయం వెళ్ళి నేర్చుకుంది. చేతులు బొబ్బలెక్కాయి. కొంచెం ధైర్యం వచ్చాక, బతిమాలి బామాలి మాస్టారిని తీసుకెళ్ళింది. మొదట ట్రైక్ వెనక కూర్చోబెట్టింది. కుడిమలుపులో ఆయన ఒళ్ళు ఎడమకి తూలింది. ఆపుకోవడానికి ఆ కాల్లో బలం లేదు, అటు ఏముందో కంటికి కనబడదు. పాదం మెట్టు మీంచి జారిపోయింది. బావమరిది పక్కనే పరుగెత్తుతూ ఉండబట్టి పట్టుకోగలిగాడు.

"వీపుకి సుఖంగానే ఉంది. మనిషే నిలవడం లేదు," అన్నారు మాస్టారు.

సైడ్‌కార్‌లో గోడలున్నాయి, తూలినా పడరు. అదే ఖాయం చేశారు.

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మిషన్ మొరాయించిందని కబురొచ్చిన రోజున, ఆమె పనిముట్ల పెట్టె తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, "నేను బయల్దేరుతున్నాను. ఒక్కదాన్నే వెళ్ళి ఏం చెప్పను వాళ్ళకి?" అంది. ఆయన కిటికీలోంచి తొట్టికేసి చూశారు. తర్వాత లేచి గడ్డం గీసుకున్నారు.

రోడ్డెక్కాక బండి ఎడమకి లాగినప్పుడల్లా ఆమె హ్యాండిల్‌తో కుస్తీ పట్టింది. "చేతులు బిగించకు, వదులుగా పట్టుకో," అని ఆయన కేకలేశారు. కాసేపటికి ఆ కేకలు ఆగిపోయాయి. ఓరకంట చూసింది. ఆయన తొట్టి అంచులు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కనబడని ఎడమపక్కనుంచి కాలిబాట మీది మనుషులూ, కుక్కలూ, తోపుడుబళ్ళూ చప్పుడుగా మాత్రమే వచ్చి, ఉన్నట్టుండి కళ్ళ ముందు పుట్టుకొస్తుంటే చూడలేకపోయారు.

"భయంగా ఉందా?"

"ఉంది. నువ్వు రోడ్డు చూడు."

ఫ్యాక్టరీలో పని చాలాసేపు పట్టింది. ఎడమవైపు మరమేకులు కనబడక మాటిమాటికీ తల తిప్పుకున్నారు. ఒక మరమేకు చేతి పక్కనే ఉన్నా దొరక్క తడుముకుంటుంటే సూపర్‌వైజరు మొహం తిప్పుకున్నాడు. ఆమె దాన్ని తీసి అందించబోయింది.

"ఉండు. నేనే వెతుక్కుంటాను."

దొరికింది. మిషన్ నడిచింది. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆయన ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. ఇంటి ముందు ఆమె భుజం పట్టుకుని తొట్టిలోంచి దిగారు.

"నడుం విరిగిపోయింది. రేపు తొట్టిలో దుప్పటి మడతపెట్టి వెయ్యి," అన్నారు.