లోపలి గడియ

మేస్త్రికి పుట్టుకతోనే అనుమానం. కలప అడితివాడు పచ్చి చెక్కని ఎండిందని చెప్పి అంటగడుతున్నాడని అనుమానం, సామాన్ల కొట్టువాడు ఇనప స్క్రూలకి ఇత్తడి పూత పూసి అమ్ముతున్నాడని అనుమానం, పక్క కొట్టు టైలరు తను లేనప్పుడు తన ఫ్యాను వేసుకుంటున్నాడని అనుమానం. వీధిలో అందరూ ఆయన్ని 'అనుమానాల మేస్త్రి' అనే పిలిచేవారు. భార్య బతికున్న రోజుల్లో, "మీకు నా మీద తప్ప అందరి మీదా అనుమానమే, అదే నా అదృష్టం" అని నవ్వేది. ఆవిడ పోయాక ఆ మినహాయింపు కాస్తా అల్లుడికి దక్కింది. అల్లుడంటే మేస్త్రికి మహా గురి.

అలాంటి మనిషి పనిశాలలోకి ఒక మధ్యాహ్నం భుజాన సంచీతో ఒక అమ్మాయి వచ్చి, "మీరు బాగుచేసే తలుపుల్లో ఇంట్లోవాళ్ళే పగలగొట్టినవి ఎన్ని ఉంటాయండీ?" అని అడిగింది. రంపం ఆగింది. మేస్త్రి కళ్ళద్దాల పైనుంచి ఆమె చెప్పులు చూశాడు, సంచీ చూశాడు, పన్నులవాళ్ళ మనిషే అని తేల్చేసుకున్నాడు.

"పనెక్కడిదమ్మా? ఈగలు తోలుకుంటున్నాను," అన్నాడు. ఆయన వెనకే సగం పూర్తయిన బీరువాలు బారులు తీరి ఉన్నాయి.

ఆ అమ్మాయి బీరువాల వంక చూసి చూడనట్టు ఊరుకుంది. "నేను పన్నులకోసం రాలేదండీ. పెళ్ళాల్ని కొట్టే మొగుళ్ళ వల్ల సమాజానికి ఎంత నష్టమో అంచనా వేస్తున్నాం. ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతాలు, కోర్టుల ఖర్చు, అన్నీ. నిన్న పళ్ళ డాక్టరుని కలిశాను. ఇవాళ మీరు."

"మొగుడూ పెళ్ళాం తన్నుకుంటే సమాజానికి వచ్చిన నొప్పేంటమ్మా?"

"తలుపు విరిగితే మీరు వెళ్ళి బాగుచేస్తారు కదా. ఆ పూట ఇక్కడే ఉంటే ఈ బీరువా ఒకటి పూర్తయ్యేది."

మేస్త్రికి ఆ మాట కాస్త నచ్చింది. నచ్చినందుకు ఇంకాస్త అనుమానం వచ్చింది. ఇంత చక్కగా మాట్లాడేవాళ్ళు ఏదో అమ్మడానికే వస్తారు. అయినా పని గురించి అడిగితే నోరు ఊరుకోదు గదా! స్టూలు ఆమె వైపు తోసి, ఉలి పక్కన పెట్టి అందుకున్నాడు.

"దొంగ పగలగొడితే వీధి తలుపు. మొగుడు పగలగొడితే పడగ్గదో, బాత్రూమో. లోపలి గడియ అన్నమాట. బయట్నుంచి తన్నితే, గడియ దూరే కొక్కెం ఉంటుంది చూడు, అది స్క్రూలతో సహా ఊడొచ్చి గదిలో పడుతుంది. ద్వారబంధం చీలుతుంది. పిలిచినవాడు ఏమంటాడో తెలుసా? తలుపు ఉబ్బిందండీ అంటాడు. కాకమ్మ కథలు! ఉబ్బిన తలుపు అడుగున పట్టేస్తుంది గానీ కొక్కేన్ని పీకదు."

"మీరు వాళ్ళతో ఏమైనా అంటారా?"

"నాకెందుకు? కూలి తీసుకుని వచ్చేస్తాను."

"ప్రతిచోటా తీసుకుంటారా? ఊరికే చేసిన పని కూడా మా లెక్కలోకి వస్తుందండీ. మీ పూట పోయినట్టే కదా."

"ఊరికే ఎవడు చేస్తాడమ్మా? ఒక్క మా అమ్మాయి ఇంట్లో తప్ప. కూతురి దగ్గర కూలేంటి? వాళ్ళ బాత్రూమ్ తలుపుకి తేమ ఎక్కువ. ఉబ్బిపోయి గడియ ఊడుతూ ఉంటుంది. ఇప్పటికి మూడుసార్లు..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆ అమ్మాయి కలం కూడా ఆగింది.

"రాయమంటారా?" అని ఆమె మెల్లగా అడిగింది.

"ఏమని రాస్తావ్?"

"అది మీరే చెప్పాలండీ."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. "ఏం చెప్పాలి? బంగారంలాంటివాడు మా అల్లుడు. వెళ్ళమ్మా, వెళ్ళు. వేరే కొట్టు చూసుకో," అని రంపం అందుకున్నాడు. ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కోసిన చెక్క వంకర పోయింది. ఇన్నేళ్ళ చేతికి అది తలవంపులే.

అనుమానం మేస్త్రికి చుట్టం లాంటిది. ఎప్పుడూ పిలవకుండానే వచ్చేది, కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. ఈసారి మాత్రం లోపలికి రానివ్వకుండా ఆయనే అడ్డం నిలబడ్డాడు. అల్లుడు ఎంత మర్యాదస్తుడు! టీ తనే తెచ్చి ఇస్తాడు. తలుపు రెండో కొస తనే పట్టుకుంటాడు. "మీ చెయ్యి పడితేనే మామయ్యా," అంటాడు. మేస్త్రి వెళ్ళేసరికి కింద చెక్క పేళ్ళు కూడా లేకుండా శుభ్రంగా ఊడ్చి పెడతాడు.

ఉబ్బిన తలుపుకి పేళ్ళెక్కడివి? అసలు ఊడ్చాడని తనకి ఎలా తెలుసు? చీపురు ఎప్పుడూ గోడకి ఆనించి అక్కడే ఉండేది. అల్లుడి ఇంటి ఎదురుగానే ఇంకో వడ్రంగి ఉన్నాడు. ఊరికి ఆ చివరనుంచి మామనే ఎందుకు పిలుస్తాడు? మామకి కూలి ఇవ్వక్కర్లేదు. మామ ఎవరితోనూ చెప్పుకోడు. అన్నిటికంటే, మామ నమ్ముతాడు.

ద్వారబంధం చీలిక తన కళ్ళారా చూశాడు. లప్పం పెట్టి, పైన రంగు వేసి, తన చేత్తోనే పూడ్చాడు. పరాయి ఇళ్ళలో గుమ్మంలోంచే పసిగట్టే కళ్ళకి అక్కడ గంతలు ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు, తనే కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంకో మాట గుర్తొచ్చింది. క్రితంసారి కూతురు స్క్రూల డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది. చిన్నప్పటినుంచీ ఈ పనిశాలలో పొట్టులో ఆడుకున్న పిల్ల, ఏ పనికి ఏ స్క్రూ కావాలో నిద్రలో అడిగినా చెబుతుంది. "చిన్నవి చాలవు నాన్నా. మూడంగుళాలవి వెయ్యి. గడియ కూడా పెద్దది వెయ్యి," అంది. బాత్రూమ్ గడియకి మూడంగుళాల స్క్రూ ఎవరూ అడగరు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. ఆయన మాత్రం, "ఎందుకే, లోపల ఖజానా పెట్టావా?" అని హాస్యమాడి చిన్నవే బిగించాడు. అల్లుడు పగలబడి నవ్వాడు. కూతురు డబ్బా మూత పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే పనిముట్ల సంచీతో కూతురింటికి వెళ్ళాడు. అల్లుడు తలుపు సగమే తీశాడు. నవ్వు ఎప్పటిలాగే ఉంది గానీ, కళ్ళు సంచీ మీద పడ్డాయి.

"ఏంటి మామయ్యా, చెప్పాపెట్టకుండా?"

"ఇటువైపు పనుంటే వచ్చాను బాబూ. గడియ ఎలా ఉందో చూద్దామని."

"అదేంటో, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. మళ్ళీ ఉబ్బింది."

మేస్త్రి బాత్రూమ్ దగ్గరికి నడిచాడు. కొక్కెం లేదు. అది ఉండాల్సిన చోట చెక్క తెల్లగా చీలి ఉంది. తలుపు ముందుకీ వెనక్కీ ఆడించాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. వంగి అడుగున వేలు పెట్టాడు. వేలు సులువుగా దూరింది. పొడిగా ఉంది.

"అమ్మడూ! ఒకసారి వచ్చి స్క్రూలు పట్టుకో," అని కేకేశాడు.

"తనెందుకు మామయ్యా, నేను పట్టుకుంటాను," అన్నాడు అల్లుడు.

"దానికైతే సైజులు తెలుసు బాబూ."

కూతురు వచ్చింది. డబ్బా అందుకుంది. మొగుడి వైపు చూడలేదు, తండ్రి వైపూ చూడలేదు, డబ్బాలోకే చూస్తోంది. ఎలా విరిగిందన్నది మేస్త్రి ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ అడగని ప్రశ్న. ఎలా అడగాలో ఆయనకి చేతకాలేదు. చేతనైన మాటల్లోనే అడిగాడు.

"ఎంత పొడవువి వెయ్యనే?"

అల్లుడు నవ్వబోయాడు. కూతురు డబ్బాలో స్క్రూలని వేలితో కలిపింది. తర్వాత మూత పెట్టేసింది.

"ఏ పొడవూ ఆగదు నాన్నా."

మేస్త్రి తల ఆడించి, తీసిన స్క్రూడ్రైవరు సంచీలో పడేశాడు. "చెప్పులు వేసుకో. పద," అన్నాడు.

"మామయ్యా, ఇదేం బాగోలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య సవాలక్ష ఉంటాయి. తలుపు మాట తేల్చండి ముందు." అల్లుడు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇప్పుడు నవ్వు లేదు.

పెళ్ళిలో కాళ్ళు కడిగిన నాటినుంచి మేస్త్రి అతన్ని 'మీరు' అనే పిలిచాడు. "ఎదురుగా వడ్రంగి ఉన్నాడుగా, పిలుచుకో నువ్వు. వాడు కూలి అడుగుతాడు. ఎలా విరిగిందో కూడా అడుగుతాడు. చెప్పుకో. జరుగు," అన్నాడు.

అల్లుడు వెంటనే జరగలేదు. మేస్త్రి సంచీ కింద పెట్టలేదు, కళ్ళు దించలేదు. "జరుగుతావా, వీధిలోకి కేకెయ్యనా?" అన్నాడు. పరువు గుర్తొచ్చేసరికి అల్లుడు పక్కకి తప్పుకున్నాడు.

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. మేస్త్రికి ఎన్నో అడగాలని ఉంది. ఎప్పటినుంచి, ఎందుకు చెప్పలేదు, ఎక్కడెక్కడ కొట్టాడు. ఆఖరిదానికి జవాబు వినే ధైర్యం లేదు. మధ్యదానికి జవాబు ఆయనకే తెలుసు. చెప్పింది. మూడంగుళాలవి వెయ్యమని చెబితే తను హాస్యమాడాడు.

"నాన్నా," అంది కూతురు, ఎదురుగా చూస్తూనే. "ఊళ్ళో అందరి మీదా అనుమానమే నీకు. అది మా ఇంటిదాకా రావడానికి ఇంతకాలం పట్టిందా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి. కూతురు ఇంకా స్క్రూల డబ్బా పట్టుకునే నడుస్తోంది. ఆయన దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని తన సంచీలో వేసుకున్నాడు.