ఒక్కరి కొలత

మేడమీద గది అద్దెకిచ్చిన మూడో వారానికే ఇంటావిడకు అనుమానం పట్టుకుంది.

గదిలో దిగింది ఒక్క పిల్ల. పద్దెనిమిదేళ్లు నిండగానే, పెరిగిన అనాథాశ్రమం నుంచి బయటికొచ్చి కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరింది. కిటికీలోంచి కనబడే గిన్నె మాత్రం పెళ్లివారి గిన్నె! అందులో అన్నం పదిమందికి సరిపడా. మరి తినేదెవరు? మెట్లమీద అడుగుల చప్పుడు లేదు, గదిలో మాటల అలికిడి లేదు. ఇంటావిడ ఆఖరికి చెత్తబుట్టలోకి కూడా తొంగిచూసింది. ఏ సంగతైనా తేలకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

"ఒక్కదాన్నేనని చెప్పి ఆశ్రమం మొత్తాన్ని దింపినట్టుంది. ఇవాళ పట్టుకుని, ఇవాళే ఖాళీ చేయిస్తాను" అనుకుంటూ ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టింది.

లోపల ఆ పిల్ల తప్ప ఇంకో మనిషి లేదు. కంచంలో మొన్నటి అన్నం. పులిసిన వాసన గుమ్మం దాకా వస్తోంది.

"ఎవరికే ఇంత వంట?"

పిల్ల కంగారుగా లేచి నిలబడింది. "నాకేనండీ ఆంటీ. ఆశ్రమంలో నలభైమందికి వండేవాళ్లం. ఆ కొలతే వచ్చు. తగ్గించి తగ్గించి ఈ కొలతకొచ్చాను. పారేయాలంటే మనసొప్పక మూడేసి రోజులు అదే తింటున్నా. గది ఖాళీ చేయమనకండి. అక్కడ నా మంచం వేరే పిల్లకిచ్చేశారు."

"తెలియకపోతే అడగొద్దూ? అడగందే అమ్మైనా..." సామెత సగంలో ఉండగానే ఆవిడ నాలిక కరుచుకుంది.

"ఎవర్ని అడగాలో తెలీలేదండీ."

ఇంటావిడకు సిగ్గేసింది. ఆవిడ కూతురికి పెళ్లై ఏడేళ్లయింది. కూరలో ఉప్పెంత వేయాలని ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఈ పిల్లను మాత్రం తను మూడు వారాలు కిటికీలోంచి చూసిందే గానీ, తిన్నావా అని ఒక్క మాట అడగలేదు.

పాఠకులారా, పద్దెనిమిదేళ్లు నిండితే పిల్లలకు వయసొస్తుంది. బతకడం రావాలంటే, అడిగితే చెప్పే మనిషి ఒకరుండాలి. ఆశ్రమం గేటు దాటే ప్రతి బిడ్డకూ ఆ మనిషిని చూపించాల్సిన బాధ్యత మనందరిదీ.

ఇంటావిడ కిందికెళ్లి చిన్న గిన్నె, గ్లాసు తెచ్చింది. "ఒక్కరికి అరగ్లాసు బియ్యం, గ్లాసు నీళ్లు" అంటూ కొలిచి చూపించింది. తర్వాత ఇంకో అరగ్లాసు బియ్యం పోసింది.

"ఇదెవరికండీ?"

"నాకు. ఇవాళ ఇక్కడే తింటాను. కూర నువ్వు చెయ్యి, ఉప్పెంతో నన్నడుగు."