రాలిన ఆముదాలు

నేల మీద రాలిన ఆముదపు గింజ ఊడ్చినవాళ్లది. మోత్కూర్ గిడ్డంగిలో అది తాతలనాటి వాడుక. ఆ ఏడాది గిడ్డంగి యజమాని సేటు దాన్ని ఆడవాళ్ల చేతుల్లోంచి గుంజుకున్నాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

హమాలీ కాటమయ్య బస్తాల దొంతర మీదికి ఇంకో బస్తా ఎత్తుతున్నాడు. పొట్టి మనిషి. కాయలు కాచిన మెడ, నూనె పట్టి నల్లబడిన గోచి. ఆముదపు గింజ నున్నగా ఉంటుంది. బస్తాలో కట్టినా కుదురుగా ఉండదు. జొన్నల బస్తాల్లాగా ఎత్తుకు పేర్చితే జారుతుంది.

"ఇగ చాలు సాబ్. కూలుతది," అన్నాడు.

గుమస్తా దశరథం ముక్కుపొడి పీల్చాడు. "ఓరి కాటిగా, బ్రెజిల్ అని ఒక దేశమున్నది. మన నిజాం రాజ్యం దాంట్ల ఒక మూలకు రాదు. అయినా విమానాల నూనెకు తెల్లదొరలు మన గింజనే అడుగుతున్నరు. వాళ్ల ఓడ ముందుగాల చేరిందంటే మన ధర పాయె. ఇంకా బండ్లొస్తున్నయి, జాగా లేదు. లేపు!"

"గా బ్రెజిలోడు గూడ గిట్లనే మెడ మీద మోస్తడా సాబ్?"

హమాలీలు నవ్వారు. దశరథమూ నవ్వాడు. దొంతర ఇంకా లేచింది.

గిడ్డంగి ఊడ్చేది కాటమయ్య భార్య సోమమ్మ. ఇంట్లో కూతురు పురిట్లో ఉంది. పసిబిడ్డ మాడుకు పెట్టడానికి చుక్క ఆముదం లేదు. చుట్టూ చేలన్నీ ఆముదమే. పండిందంతా ఓడ ఎక్కింది.

చీపురు పట్టుకొని ఆమె భర్త పక్కకు వచ్చింది.

"ఏమయ్యా, దోసెడు గింజలు చాలు. దంచి ఉడకబెడ్త."

"గుమస్తా చూస్తే ఇద్దర్ని ఎల్లగొడ్తడు."

"ముందట ఊడిస్తే చూస్తడు. ఎనుక ఎవలు చూస్తరు? నువ్వు చూస్తె చూడు." నవ్వుతూ పోయింది.

గోడకూ దొంతరకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. వాడుక బతికి ఉంటే పని అయ్యాక అందరి ముందరే ఊడ్చుకునేది. ఇప్పుడు దొంగలా దూరింది.

దొంతర కూలిన చప్పుడు పెద్దది కాదు. పిగిలిన గోనెల్లోంచి గింజలు కారే చప్పుడే చాలాసేపు వినిపించింది. బస్తాలు లాగేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఒడి నిండా గింజలు. ఊపిరి లేదు.

"ఎనుకకెందుకు పోయిందిరా?" అన్నాడు దశరథం. "సేటుకు ఏమని చెప్పాలె?"

కాటమయ్య రుమాలు విప్పి, ఆమె ఒడిలోని గింజలను అందరి ముందరే మూట కట్టాడు. ఎవరూ ఆపలేదు.

దినాలు వెళ్లాక కూతురు ఆ మూట విప్పింది. గింజలు రోట్లోకి జలజలా జారాయి. కాటమయ్య రెండు చెవులూ మూసుకున్నాడు.

"నాయినా, అమ్మ ఆడికెందుకు పోయింది? నాకన్న చెప్పు."

"దంచు బిడ్డా. పోరి మాడుకు పెట్టు. గా ముచ్చట మాత్రం అడగకు. ఇయ్యాల గాదు, నేను సచ్చేదాంక నా నోట రాదు."