ముప్ఫైకి రెండు

చర్మవ్యాధుల విభాగంలో నర్సు ఇచ్చిన కాగితంలో పది ప్రశ్నలున్నాయి. అస్సలు లేదంటే సున్నా, కొంచెమైతే ఒకటి, బాగానే ఉంటే రెండు, చాలా ఎక్కువైతే మూడు. అన్నీ కలిపి పది దాటితేనే కొత్త ఇంజెక్షన్ సంగతి చూస్తామని గోడ మీద రాసి పెట్టారు. ఆ ఇంజెక్షన్ కోసమే ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాను. పూతలు పనిచేయలేదు, మాత్రలు ఒంటికి పడలేదు. మిగిలింది అదొక్కటే.

ఆ రోజు నా వేళ్ళు వంగడం లేదు. సోరియాసిస్ అరచేతుల్లోకి దిగితే చర్మం పాత సబ్బుబిళ్ళలా పగులుతుంది. అందుకని పెన్ను మావారు తీసుకున్నారు.

మావారు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఏ ఫారంలోనైనా 'ఉంది' అని రాస్తే విచారణ వస్తుందనీ, 'లేదు' అని రాస్తే ఫైలు కదులుతుందనీ ఆయన ఇరవై ఆరేళ్ళ అనుభవం.

మూడో ప్రశ్న పైకి చదివారు. “చర్మం వల్ల ఇంటిపనికి ఎంత ఇబ్బంది కలిగింది? ఏ పని ఆగిందని? వంట ఆగిందా, బట్టలాగాయా? సున్నా.”

“ఆగితే చేసేదెవరండీ?”

“అది వాళ్ళడగలేదు.”

తర్వాత బట్టల ప్రశ్న. “నిండు చేతుల జాకెట్టంటే నీకు మొదట్నుంచీ ఇష్టమేగా?”

“మండుటెండల్లో కూడానా?”

“ఇష్టానికి ఎండేంటి, వానేంటి?” ఇంకో సున్నా.

నలుగురిలో సిగ్గుగా అనిపించిందా అన్నది తర్వాతిది. “మనింట్లో నిన్నెవరైనా పల్లెత్తు మాటన్నారా?” అన్నారు. అనలేదు, నిజమే. మా అత్తగారు మాటలు ఖర్చు చేయరు. నా కప్పు పిడికి ఎర్రదారం కట్టారు. నేను లేచిన కుర్చీని తడిగుడ్డతో తుడుస్తారు. ఇది అంటుకునేది కాదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. “తెలుసులేమ్మా, శుభ్రత కోసం,” అంటారావిడ.

భార్యాభర్తల ప్రశ్నకి మాత్రం మావారు చదవడం మానేసి, పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడేమోనన్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. ఏడాదిన్నరగా ఆయన పడక హాల్లోనే. మా గదిలో ఫ్యాను చప్పుడు చేస్తుందట. ఆ ఫ్యాను మార్చి కూడా ఏడాదైంది.

మొదట వదిలేసిన దురద ప్రశ్న దగ్గరికి ఆఖర్న వచ్చారు. “దీనికి రెండు వేద్దాం. మరీ ఏమీ లేదంటే ఎందుకొచ్చారంటారు.”

“ఏమండీ, పది దాటకపోతే ఇంజెక్షన్ ఇవ్వరు.”

“అందుకని ఇంటి గుట్టు రాసిస్తామా? రేపు ఇది రికార్డులో ఉంటుంది. నీ చేతులు డాక్టరుకి కనిపించవా, కళ్ళు లేవా?”

కళ్ళున్నాయి. అవి కంప్యూటర్ మీదున్నాయి.

“రెండా! బాగా నెట్టుకొస్తున్నారమ్మా,” అన్నాడు డాక్టరు. “పాత పూతే వాడండి.”

“డాక్టర్‌గారూ, ఆ కాగితం మావారిది. నాది ఇంకా రాయలేదు.”

జోకనుకుని నవ్వాడు. నా జోకులకి ఎవరూ నవ్వరని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఆ రోజు నవ్వాడనే బాధ. నేను నవ్వకపోయేసరికి మళ్ళీ కంప్యూటర్ వంక తిరిగాడు. “ఎక్కించేశారమ్మా. ఇక ఆర్నెల్లకి గానీ కొత్తది తీసుకోదు.”

ఇంటికి రాగానే అత్తగారు ఎదురొచ్చారు. “ఏమన్నార్రా?”

“ముప్ఫైకి రెండేనమ్మా! బాగా చూసుకుంటున్నామని మెచ్చుకున్నాడు.”

“మనం కాబట్టి,” అని ఆవిడ దారం కట్టిన కప్పు నా వైపు జరిపారు. టీ నేనే పెట్టాను.

వచ్చేటప్పుడు నర్సునడిగి ఒక ఖాళీ కాగితం తెచ్చుకున్నాను. దాన్ని వంటింటి గోడకి అంటించి, “ఈసారి నేనొక్కదాన్నే వెళ్తానండీ,” అన్నాను.

మావారికి నిజంగానే కంగారు పుట్టింది. “ఒక్కదానివా? తలుపు గడియే తీయలేవు, సీసా మూత తిప్పలేవు, పెన్నెలా పట్టుకుంటావే?”

“ఆ మాటే మూడో ప్రశ్నకి రాయాల్సిందండీ.”

ఆయన గోడ మీది కాగితం వంక చూశారు. టీ చల్లారిపోతోందన్నారు.