ఏడుని చంపిన రోజు

గోల్ఫ్ ఆడేవాళ్ళు ఆ మైదానాన్ని చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. వాళ్ళదేం పోయింది, అంటారు! ఏడాదికోసారి గేటు మూసి, ఆటగాళ్ళను ఇళ్ళకు పంపి, మరమ్మతులు మొదలుపెట్టినప్పుడు ఒక్కపూట వచ్చి చూస్తే తెలుస్తుంది. యంత్రాలు పచ్చికను ఇనుప చువ్వలతో కసిగా పొడుస్తుంటాయి. రంపాలు చెట్ల కొమ్మలు తెగ్గోస్తుంటాయి. చెరువులో నీళ్ళు తోడేసి, అడుగున పేరుకున్న బురదను పారలతో గట్టు మీదికి విసురుతుంటారు. ఆ రోజుల్లో ఒంటి మీద ఒక్క గాయం కూడా లేని పనివాడు కనిపించాడంటే వాడు ఎక్కడో చెట్టు నీడన నడుం వాల్చి వచ్చాడని అర్థం.

అక్కడ మనుషులకు పేర్లుండవు. ఉన్నా ఎవరికీ గుర్తుండవు. బంతి పడే గుంట చుట్టూ గుండు గీసినట్టు నున్నగా కత్తిరించే పచ్చికను గ్రీన్ అంటారు. అలాంటివి మైదానంలో పద్దెనిమిది. ఏ గ్రీన్‌ను ఎవరు సాకితే వాళ్ళను ఆ అంకెతోనే పిలుస్తారు. మూడుకి జ్వరమట అంటే మనిషికని, మూడుకి నీళ్ళు పెట్టండి అంటే గడ్డికని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అన్నేళ్ళలో ఒక్కరు కూడా పొరబడలేదు.

ఈ కథ పదకొండుది. ఆమె మొగుడు అక్కడి పనివాళ్ళందరికీ మేస్త్రీ. ఆమె తమ్ముడు ఏడు. ఆ అంకె తగులుకున్న రోజు నుంచి పాపం వాడికి మనశ్శాంతి లేదు. "ఒరే ఏడూ, ఏడు! ఇంకొంచెం ఏడు!" అని షెడ్డులో ప్రతివాడూ ఆటపట్టించేవాడే. వాడు మాత్రం ఆ గ్రీన్ మీద బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఏ పోచ ఎటు వాలిందో చూసుకుంటూ ఉండేవాడు. పెళ్ళి సంబంధం చూడ్డానికి వెళ్ళి కూడా ఆ ఇంటి ముందున్న పచ్చికను విమర్శించి వచ్చిన ఘనుడు.

బావా బావమరుదులిద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. తమ్ముణ్ణి పనిలో పెట్టమని మొగుణ్ణి బతిమాలింది ఆమే. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా గోడలా నిలబడుతూ వచ్చిందీ ఆమే. ఇంట్లో గిన్నెలు పగిలాయి, ఒకసారి తలుపు పగిలింది, ఇంకోసారి తమ్ముడి పన్ను ఊడింది. ఇల్లు కట్టుకోవాలనీ నగలు చేయించుకోవాలనీ ఆమెకెప్పుడూ లేదు. ఆమెకున్నది ఒకటే కోరిక. ఈ ఇద్దరిలో ఒకరి చేతిలో ఒకరు చావకూడదు.

ఆ ఏడాది కొత్త ఇంజనీరు వచ్చాడు. పొద్దున్నే షెడ్డులో ఉన్నవాళ్ళను నిలబెట్టి, ఏడో గ్రీన్ కింద నీరు పోయే దారి లేక వేళ్ళు కుళ్ళిపోయాయని చెప్పాడు. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, గడ్డి పీకి చూపించాడు కూడా. "ముందు గడ్డిని చంపాలి. వేళ్ళతో సహా చావాలి. ఆ తర్వాతే తవ్వి, కంకర పోసి, పైపులు వేసి, కొత్త విత్తనం చల్లుదాం" అన్నాడు. అంతవరకు ఆ మైదానంలో ఏ గ్రీన్‌నూ ఎవరూ చంపలేదు. మందు కొట్టడం, పొడవడం, ఇసుక పొయ్యడం, ఇవే వాళ్ళ మాటలు. చంపడం అనే మాట ఆ పొద్దున షెడ్డులో పుట్టింది, పుట్టిన మరుక్షణం అందరి నోళ్ళలోనూ పడింది. అప్పటికే చెరువులో దిగి బురద తోడుతున్న పదకొండు చెవిన మాత్రం పడలేదు.

ఆమె చెవిన పడింది అరుపులే. పార అక్కడే పడేసి షెడ్డుకు పరిగెత్తింది.

"నాకొక్క మాట చెప్పకుండా ఒప్పేసుకుంటావా బావా? నా ఏడుని తవ్వి పారేస్తానని ఒప్పుకోడానికి నువ్వెవడివి?" అని తమ్ముడు కేకలేస్తున్నాడు.

"మేస్త్రీనిరా! మీ నాన్న ఆస్తేం కాదు అది."

ఇసుక సర్దే పళ్ళకర్ర తమ్ముడి చేతిలో ఉంది. దాన్ని తిరగేసి బావ చెవి మీద కొట్టాడు. చప్పుడుకు షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. మేస్త్రీ తూలాడు గాని పడలేదు. బావమరిది జుట్టు దొరకబుచ్చుకుని, గడ్డి కోసే యంత్రం రోలర్‌కేసి వాడి ముఖాన్ని బాదాడు. ముక్కు పగిలింది. రెండోసారి బాదాడు. కిందపడ్డవాడి మెడ మీద మోకాలు పెట్టి, తన బరువంతా దాని మీద మోపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వద్దు వద్దు అంటున్నారే గాని ఒక్కడు కూడా చెయ్యి వెయ్యలేదు. వాడి కాళ్ళు నేలను తన్నుకోవడం మెల్లగా తగ్గింది.

ఆమె జుట్టు పట్టి లాగింది. కదల్లేదు. వీపు మీద గుద్దింది. కదల్లేదు. చివరికి మొగుడి ముంజేతిని నోట కరుచుకుని, నోట్లోకి రక్తం వచ్చేదాకా వదల్లేదు. అప్పుడు లేచాడు.

"ఇంకోసారి ఏడో గ్రీన్ దగ్గర కనిపించావో, అక్కడే పాతేస్తా!" అన్నాడు, చొక్కా నిండా బావమరిది నెత్తురుతో.

తమ్ముడు గొంతు పట్టుకుని దగ్గి, ఎర్రగా ఉమ్మేశాడు. "పాతు చూద్దాం. నేనుండేది అక్కడే" అని వెళ్ళిపోయాడు. ఆమె పిలిచినా తిరిగి చూడలేదు.

ఎవరి పనికి వాళ్ళు పోయారు. పని ఆగదుగా! ఆమె మళ్ళీ చెరువులోకి దిగింది. బురద ఎత్తుతూనే ఉంది. మొగుడి మోకాలి కింద తమ్ముడి కళ్ళు ఎలా తేలిపోయాయో అదే కనిపిస్తోంది. గట్టు మీద పెట్టిన వాకీటాకీ ఎండ బాగా ఎక్కాక గరగరలాడింది. స్టోరు గుమాస్తా గొంతు వినిపించింది.

"మేస్త్రీ, ఏడు సంగతేమైంది?"

"చంపేశా. ఒక్కణ్ణే కానిచ్చేశా."

"గొడవేం కాలేదుగా?" గుమాస్తా నవ్వాడు.

"ఏం గొడవ? కిక్కురుమనలేదు. ఇక పాతరెయ్యడమే మిగిలింది."

గడ్డి గురించి అంటున్నాడని మనకు తెలుసు. షెడ్డులో ఉన్న ప్రతివాడికీ తెలుసు. గుమాస్తా వేళాకోళమాడాడు, మేస్త్రీ దానికి తగ్గట్టు జవాబిచ్చాడు, అంతే. ఆమె మాత్రం మోకాళ్ళ లోతు బురదలో నిలబడిపోయింది. తన వాకీటాకీ లాక్కుని, "తమ్ముడూ, ఎక్కడున్నావు? ఏడూ! పలకరా!" అని అరిచింది. వాడు పలకలేదు. పలకడానికి వాడి వాకీటాకీ షెడ్డులో పెనుగులాటలో ఎప్పుడో ముక్కలైంది. విన్న మిగతావాళ్ళు, తన్నులు తిన్న తమ్ముణ్ణి అక్క వెతుక్కుంటోందిలే అనుకున్నారు.

గట్టు మీద గడ్డి అంచులు కోసే పార ఉంది. సగం చందమామలా ఉండే ఇనుప రేకు, పొద్దున్నే సాన పెట్టింది. దాన్ని అందుకుని పరిగెత్తింది. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది.

ఏడో గ్రీన్ దగ్గర మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. వీపున మందు డబ్బా, నోటికి గుడ్డ, ఒంటి మీద అదే నెత్తురు చొక్కా. గ్రీన్ పక్కన నీళ్ళు చల్లే పాత పైపు మార్చడానికి నిన్న తవ్విన పొడుగాటి కాలువ, దాని పక్కన గుట్టగా మట్టి. మట్టి మీద తమ్ముడి టోపీ. నిన్న తవ్వుతూ ఉక్కపోసి తీసి పెట్టి మరిచిపోయాడు. ఆమె ఆ టోపీ చూసింది. చూశాక ఇంకేం చూడలేదు.

"ఏడుని ఏం చేశారు?"

చెవి మీద దెబ్బకు అతనికి ఇంకా హోరుమంటూనే ఉంది. పెళ్ళాం తమ్ముడి తరఫున గడ్డి కోసం తగువుకొచ్చిందనుకున్నాడు. వెనక్కి కూడా తిరగలేదు. "చెయ్యాల్సింది చేశా. నీకూ చెప్పి చెయ్యాలా?"

"నిజంగా చంపేశారా?"

"చంపక ముద్దు పెట్టుకోమంటావా? నీ తమ్ముడి గోల నా దగ్గర మొదలెట్టకు."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె మొగుణ్ణి మీరు అనే అంది. తన్నుకున్నప్పుడూ అంది, తలుపు పగిలిన రోజూ అంది.

"వాణ్ణేం చేశావురా?"

ఆ 'రా' వినగానే అతను నోటి గుడ్డ కిందికి లాగి గిరుక్కున తిరిగాడు. ఏదో చెప్పబోయాడు. పార అప్పటికే పైకి లేచింది.

మొదటి దెబ్బ మెడకీ భుజానికీ మధ్య పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. డబ్బా పట్టీ తెగి, మందు అతని వీపంతా కారింది. వెనక్కి తూలి కాలువలో వెల్లకిలా పడ్డాడు. ఆమె పైనుంచి రెండో దెబ్బ వేసింది. అది తొడలో దిగింది. పార లాగితే ఊడి రాలేదు, కాలితో అదిమిపట్టి లాగింది. అతను నోరు తెరిచాడు గాని గొంతు పెగల్లేదు. మూడోది వేసి ఉండేదే. తలకే వేసి ఉండేది. కానీ తమ్ముడికి ఇంకా కొనఊపిరి ఉంటే ఆ మట్టి కింద ఎంతసేపు ఆగుతుందన్న ఆలోచన వచ్చింది.

పార పడేసి మట్టిగుట్ట మీద పడింది. రెండు చేతులా తోడింది. గోళ్ళు విరిగాయి. "నాన్నా, వచ్చేశాన్రా, ఇదిగో వచ్చేశా, ఒక్క నిమిషం ఓర్చుకోరా" అంటూ తోడుతూనే ఉంది.

"అక్కా?"

పంపు గది వైపు నుంచి తమ్ముడు వస్తున్నాడు. ముక్కులో రెండు గుడ్డ పేలికలు దోపుకుని, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో. తన గ్రీన్ మీద మందు పడడం కళ్ళారా చూడలేక, అంతసేపూ ఆ గది వెనక కూర్చున్నాడు.

ఆమె వాణ్ణి చూసింది. కాలువలో ఉన్న మనిషిని చూసింది.

"గడ్డినే..." అన్నాడు మేస్త్రీ కాలువలోంచి. "గడ్డినే చంపింది..."

తమ్ముడికి అర్థమైంది వేరు. అక్క తన పక్షాన నిలబడి తన గ్రీన్ కోసం ఇంత పని చేసిందనుకున్నాడు. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ ఆనందం ఆమె జన్మలో మరిచిపోలేదు. పక్కనున్న గడ్డపలుగు అందుకుని, "నువ్వు తప్పుకో అక్కా, మిగతాది నేను చూసుకుంటా" అని కాలువ అంచుకు వచ్చాడు.

"వద్దురా!"

"పొద్దున నన్ను చంపేవాడే. తప్పుకో!"

పలుగు ఎత్తాడు. ఆమె పార అందుకుని, తిరగేసి, తమ్ముడి మోకాలి చిప్ప మీద బలంకొద్దీ కొట్టింది. ఏ ప్రాణం కోసం ఇంత చేసిందో ఆ ప్రాణం కుక్కలా అరుస్తూ నేల మీద దొర్లింది. పలుగును కాలితో దూరంగా తన్ని, ఆమె కాలువలోకి దూకి, మొగుడి తొడ మీద రెండు చేతులూ వేసి అదిమింది. నెత్తురు వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది. "ఎవరైనా రండి! రండర్రా!" అని అరిచింది.

గ్రీన్లకు ఇసుక తోలే ట్రాక్టర్‌ను ఎనిమిది తోలుకొచ్చాడు. తొట్టెలో ఇసుక మీదే మేస్త్రీని పడుకోబెట్టారు. తమ్ముణ్ణి వెనక అంచున కూర్చోబెట్టారు. ఆమె చీర మీద తొడుక్కున్న పైచొక్కా విప్పి ముద్దగా చుట్టి గాయానికి అదిమి పట్టుకుంది. ట్రాక్టర్ గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. ఎగిరినప్పుడల్లా అతను పళ్ళు కొరుకుతున్నాడు. దెబ్బ తగలని వైపు చెయ్యి మాత్రం వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది.

"నాకా మాట తెలీదండీ," అంది ఆమె. ఏడుపు ఆగడం లేదు. "చంపడమంటే మందు కొట్టడమని నాకెవరూ చెప్పలేదు. వాకీటాకీలో విన్నా. మీరు పాతరేస్తానన్నారు."

"ఊఁ" అన్నాడు. పెదాలు పాలిపోయాయి. "నువ్వు విన్నది సరే. నేను చేస్తానని నమ్మావా?" అన్నాడు.

"లేదను అక్కా," అన్నాడు తమ్ముడు మోకాలు పట్టుకుని. వాడి కోపమంతా ఎక్కడికి పోయిందో, గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "కంగారులో చేశానని చెప్పవే. లేదను."

అనొచ్చు. ఒక్క ముక్క. ఆ స్థితిలో ఉన్న మనిషికి అబద్ధం చెబితే ఏ దేవుడూ కోప్పడడు. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ ఆ కళ్ళు తన వైపే చూస్తున్నాయి, అబద్ధమైతే ఇట్టే పసిగట్టే కళ్ళు.

"నమ్మాను," అంది. "ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు."

ట్రాక్టర్ గేటు దాటి రోడ్డెక్కింది. ఆమె మణికట్టును వదిలి, గాయం మీద అదిమి ఉన్న ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి పక్కకు పెట్టాడు. ఆ గుడ్డను తనే తన చేత్తో అదుముకున్నాడు.