కనీసం యాభై వేల బంగారం

రిటైర్మెంట్ ఖాతాలో బంగారం పెట్టాలన్న బుద్ధి వెర్న్‌కి పికప్ ట్రక్కులో పుట్టింది. ధాన్యం గిడ్డంగిలో పని మానేశాక కూడా అతను పొద్దున్నే ట్రక్కెక్కి, ఎవరి పొలం ఎంతవరకు కోశారో చూసి రావడం మానలేదు. ట్రక్కులో రేడియో ఉంది. రేడియోలో రోజూ ఒక గొంతు డాలరు కాగితమనీ, బంగారం బంగారమనీ చెప్పేది. రెండూ నిజమే కాబట్టి వెర్న్‌కి ఆ గొంతు మీద గురి కుదిరింది.

రేడియోలో చెప్పిన నంబరుకి ఫోన్ చేశాడు. ఆ బంగారం కంపెనీ తరఫున ట్రెంట్ అనే అతను మాట్లాడాడు. బంగారం ఇంటికి రాదనీ, ఇంట్లో పెట్టుకుంటే ఖాతాలోంచి డబ్బు తీసేసినట్టే లెక్కకట్టి పన్ను వేస్తారనీ, అందుకని ఎక్కడో దూరాన డెలవేర్ రాష్ట్రంలో ఒక ఖజానాలో దాస్తారనీ చెప్పాడు. డీప్ ఫ్రీజర్లో జింక మాంసం కింద ముందే చోటు చేసిపెట్టుకున్న వెర్న్‌కి ఇది కొంచెం కష్టం కలిగించింది. అయినా సర్దుకున్నాడు. సర్దుకోలేనిది రెండో సంగతి. ఆ కంపెనీలో ఖాతా తెరవాలంటే కనీసం యాభై వేల డాలర్లు ఉండాలి. వెర్న్ దగ్గర ముప్పై ఎనిమిది వేలున్నాయి.

అతని భార్య మార్లిస్ ఖాతాలో ఇరవై ఒక్క వేలున్నాయి. బడి వంటగదిలో పనిచేసినన్నాళ్ళూ జీతంలోంచి పక్కన పెట్టినవి. ఆ ఇంట్లో ఆమె పేరు ఒక్కటే ఉన్నది ఆ ఖాతా మీదే. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. ట్రక్కు వెర్న్‌ది. చర్చిలో కానుకలు వేసే కవరు మీద కూడా వెర్న్ పేరు రాసి, ఆ పక్కన ‘దంపతులు’ అని ఉంటుంది. ఆ ఖాతా గురించి మార్లిస్ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎప్పుడైనా తలుచుకుంటే మాత్రం నడుము నొప్పి కాస్త తగ్గినట్టుండేది.

మంగళవారం సాయంత్రం భోజనాల దగ్గర వెర్న్ కదిపాడు.

“ట్రెంట్‌ని అడిగాను, నీదీ నాదీ కలిపేస్తే సరిపోతుంది కదా అని.”

“ఏమన్నాడు?”

“కుదరదన్నాడు. మొగుడూ పెళ్ళాలైనా ఎవరి ఖాతా వాళ్ళదేనట. సర్కారు రూలు.”

మార్లిస్‌కి సర్కారు మీద అంతకుముందు ఎన్నడూ లేని అభిమానం కలిగింది. పైకి మాత్రం, “ఇంకొంచెం పెట్టుకో,” అని హాట్‌డిష్ కూర గిన్నె అతని వైపు జరిపింది.

“రెండు సందర్భాల్లో మాత్రం ఒకళ్ళది ఇంకొకళ్ళకి పన్ను లేకుండా వెళ్తుందట.”

“ఏంటవి?”

“ఒకటి, నువ్వు పోవడం.”

“రెండోది?”

“విడాకులు.”

మార్లిస్ నోట్లో ఉన్నది నమిలి మింగింది. “మొదటిది వద్దనుకోవడానికి ఎంతసేపు ఆలోచించావు?”

“ఆలోచించలేదు. నీ బీపీ బాగానే ఉందని డాక్టరు మొన్నేగా చెప్పాడు.”

తర్వాత వెర్న్ తన పథకం వివరించాడు. ఉత్తుత్తి విడాకులే. ఇల్లు మారక్కర్లేదు, మంచం మారక్కర్లేదు. ఆమెది తన ఖాతాలోకి వచ్చేస్తుంది, బంగారం కొంటారు, మళ్ళీ కోర్టుకెళ్ళి పెళ్ళి చేసుకుంటారు. వసంతంలో విత్తనాలు వేసే లోపల అంతా అయిపోతుంది.

“పేపర్లో వేస్తారు,” అంది మార్లిస్.

వాళ్ళ ఊరి వారపత్రికలో కోర్టు వార్తలకి ఒక పేజీ ఉంది. ట్రక్కు జోరుగా నడిపి జరిమానా కట్టినవాళ్ళ పేర్లు, లైసెన్సు లేకుండా చేపలు పట్టినవాళ్ళ పేర్లు, వాటి కింద విడాకులు.

“అడుగున ఎక్కడో వేస్తారు. అంత కిందికి ఎవరు చదువుతారు?”

“నువ్వు చదువుతావు.”

గురువారం పేపరు రాగానే వెర్న్ ముందు తెరిచేది ఆ పేజీనే.

“ప్రార్థనయ్యాక చర్చిలో కాఫీ దగ్గర మన వెనక బెంచీ గ్లెనిస్ అడిగితే ఏం చెప్పను?”

“బంగారం కోసమని చెప్పు.”

“బంగారం కోసం మొగుణ్ణి వదిలేశానని చెప్పనా?”

“కొంచెం బాగా వచ్చేలా చెప్పు.” వెర్న్ ప్లేటు ఖాళీ చేశాడు. “నీకిష్టం లేకపోతే వద్దులే.”

దక్షిణ డకోటాలో ఎవరైనా ఆ మాట అన్నారంటే, సంగతి మర్నాడు మళ్ళీ వస్తుంది. వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. శనివారం పొద్దున మార్లిస్ గిన్నెలు కడగడం ముగించి, చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుంది.

“ట్రెంట్‌కి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు.”

వెర్న్ సంతోషంలో ఆమెకి కూడా కాఫీ పోసి, నంబరు నొక్కాడు.

“విడాకుల విషయంలో మేం సలహా ఇవ్వం మేడం,” అన్నాడు ట్రెంట్ మొదటే. “నేను రూలు మాత్రమే చెప్పాను.”

“నేనూ రూలే అడుగుతున్నా బాబూ. నాది ఆయనకి వెళ్ళొచ్చన్నావు. ఆయనది నాకు రావచ్చా?”

“ఎటైనా వెళ్ళొచ్చు మేడం. తీర్పులో ఎలా ఉంటే అలా.”

“అప్పుడు బంగారం నా పేరు మీద కొంటారా?”

“తప్పకుండా. మా కంపెనీ చూసేది కనీస మొత్తం ఉందా లేదా అనే.”

“అయితే నాకు అభ్యంతరం లేదు,” అంది మార్లిస్ వెర్న్ వైపు తిరిగి. “విడాకులు తీసుకుందాం. సోమవారం లాయరు దగ్గరికి వెళ్దాం.”

వెర్న్ కప్పు కింద పెట్టాడు. “నాది నీకెందుకు?”

“నీకు కావలసింది బంగారమేగా. అదే ఖజానా, అదే బంగారం. నీ పేరున ఉన్నా కనపడదు, నా పేరున ఉన్నా కనపడదు.”

“అది వేరు.”

“ఏం వేరు?”

“ఇన్నేళ్ళు గిడ్డంగిలో ధూళి మింగి దాచుకున్నది, మార్లిస్.”

“నేను ఆవిరి మింగాను.”

వెర్న్ ఫోన్‌ని కొంచెం తన వైపు జరుపుకున్నాడు. “మధ్యలో ఏమైనా అయితే? విడాకులయ్యాక నువ్వు మళ్ళీ నన్నే చేసుకోవాలని రూలేం లేదుగా.”

“లేదు.”

“చేసుకుంటావా?”

“అడిగితే ఆలోచిస్తా. పోయినసారి నువ్వసలు అడగలేదు. మీ అమ్మ పెళ్ళికి హాలు మాట్లాడేసిందని చెప్పావు.”

ఫోన్‌లో ట్రెంట్ గొంతు సవరించుకున్నాడు. “వెర్న్ గారూ, ఎవరి పేరు మీద రాసుకోమంటారు?”

మార్లిస్ సాయం రాలేదు. అతను సరేనంటే నిజంగానే వెళ్ళి సంతకం పెట్టాలని ఆమె నిన్ననే నిశ్చయించుకుంది. తన పేరే ఉండాలని అతను పట్టుబడితే ఏం చెయ్యాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకోవాల్సి వస్తుందేమోనని ఆమెకి భయంగానే ఉంది.

“ఎవరి పేరూ వద్దు,” అన్నాడు వెర్న్ చివరికి. “మీ కనీస మొత్తం తగ్గినప్పుడు చెప్పండి.”

“పెరిగే సూచనలే ఉన్నాయి సార్.”

“మంచిది,” అని ఫోన్ పెట్టేశాడు.

కాఫీ చల్లారింది. ఇద్దరూ అదే తాగారు.

“నేను సరేనని ఉంటే నిజంగా సంతకం పెట్టేదానివా?”

“పెట్టేదాన్ని.”

“నీకు బంగారం మీద నమ్మకమే లేదుగా.”

“లేదు.”

వెర్న్ లేచి తువ్వాలు తీసుకుని, అప్పటికే ఆరిపోయిన ప్లేట్లు తుడవడం మొదలుపెట్టాడు. ఏది ఏ అరలో పెట్టాలో అతనికి తెలియదు. ప్రతిదీ పైకెత్తి చూపించాడు. మార్లిస్ కూర్చున్న చోటి నుంచే చెప్పింది.