బంతి మచ్చల గోడ

పెరటి గోడ గొడవ మూడు రోజులుగా నలుగుతూనే ఉంది. మా అత్త వెంకటరత్నమ్మ పేడగంప చంకన పెట్టుకుని ఆ పొద్దున కూడా గోడ ముందు నిలబడింది.

“బర్రె పాలు అందరికీ కావాల. పిడకలు కొడదామంటే గోడ బంతులదంట! తొమ్మిది దినాలాయె, నీ కూతురు బ్యాటు ముట్టింది లేదు. ఎవురి కోసమే కాపలా కాస్తుండావు?”

“ముడుతుంది అత్తా.”

“మొన్న తిన్నవి సాలినట్టు లేవు దీనికి,” అన్నాడు నా మొగుడు సురేష్, పలకల ఫ్యాక్టరీకి పోతూ చెప్పులేసుకుంటూ. నవ్వుతూనే అన్నాడు.

నా కూతురు పావని వంటింటి గడపలో, సగం అల్లిన జడతో, తల వంచుకుని కూర్చుని ఉంది.

నేను బడిలో ఆటల టీచర్ని. మార్కాపురంలో టెన్నిస్ ఏందని నవ్వినవాళ్లున్నారు. పిల్లల చేత ఆట మొదలుపెట్టించడం తేలికే, ఏడాది పొడుగునా వాళ్లని అందులో నిలపడమే కష్టం. ఎండలకి నేల కాలుతుంది, వానలకి బురద, మార్చిలో పరీక్షలు. అందుకే కాలానికొక పద్ధతి పెట్టాను. వేసవిలో తెల్లవారి ఐదింటికే. వానల్లో మూతబడిన పలకల షెడ్డులో. పరీక్షలప్పుడు మా గోడ దగ్గర పదే నిమిషాలు. బంతి తప్పకుండా గోడకి ఎన్నిసార్లు కొడితే ఆ అంకె విరిగిన పలక ముక్క మీద రాసుకోవాలి. ఎవరి పలక వాళ్లదే. పక్కవాళ్లతో పోటీ లేదు, నిన్నటి అంకెతోనే. పావని పలక మీద అంకె నూటపన్నెండు దగ్గర ఆగిపోయింది.

ఆగింది ఎండకీ వానకీ కాదు. తొమ్మిది రోజుల కిందట సాయంత్రం పిల్లలు గోడ దగ్గర ఉండగా సురేష్ వచ్చాడు. రొట్టెలు చల్లారిపోయాయి. “ఊరి పిల్లోళ్లకి బంతులందిచ్చేదానికి చేతులుండాయి, మొగుడికి కూడు పెట్టేదానికి లేవా?” అని పావని చేతిలోని రాకెట్ లాక్కున్నాడు. మొదటి దెబ్బ నా భుజం మీద. రెండోదానికి నా ఎడమ మోచేతి ఎముక చిట్లింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. మూడోది నోటి మీద. పన్ను విరిగి, రక్తంతో పాటు ఎవరిదో పలక ముక్క మీద పడింది. పిల్లలు బ్యాట్లు వదిలేసి పరిగెత్తారు. ఫ్రేము వంగేదాకా కొట్టాడు. “మొకాన కొట్టబాకురా, రేపు బడికి పోవాల,” అంది అత్త. మామ మాలకొండయ్య బర్రె బెదురుతుందని దాన్ని తీసుకుపోయి అవతల కట్టేసినాడు.

ఎడమ కాలు ముందుకేసి, భుజం తిప్పి, నడుం దగ్గర నుంచి కొట్టాడు. పెళ్లయిన కొత్తలో ఇదే గోడ దగ్గర నేను నేర్పిన ఫోర్‌హ్యాండ్ అది. ఒక్కటీ మర్చిపోలేదు.

పావనికి ఆట మీద మళ్లీ మనసు పుట్టించాలని తొమ్మిది రోజులుగా నాకు తెలిసినవన్నీ చేశాను. కొత్త బంతులు తెచ్చాను. పలక గూట్లో కనపడేలా పెట్టాను. ఇప్పుడు గడప దగ్గరికి పోయి, కట్టు కట్టిన చేత్తో సగం జడ పట్టుకుని, చిక్కు తీద్దామని కుడిచేత్తో దువ్వెన ఎత్తాను.

పావని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

నా చేతికి. దువ్వెన పట్టిన నా చేతికి.

లేచి, అత్త చంకలోని గంపలోంచి నేనే పేడ ముద్ద తీసి, బంతి మచ్చలు బాగా దట్టంగా ఉన్న చోట గోడకి కొట్టాను. అందరూ నా వైపు చూశారు. తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుని గొంతు పెంచకుండానే చెప్పాను.

“గోడ మీరే తీసుకోండత్తా. నేనూ పావనీ పది గంటల బస్సుకి గిద్దలూరు పోతుండాం. ఆడ బడిలో పని దొరికింది, రూము చూసుకున్నా. ఆ వంగిన బ్యాటు, నా చేతి ఎక్స్‌రే బస్సెక్కే ముందు స్టేషన్‌లో ఇచ్చి పోతా.”

“ఎవురినడిగి?” అన్నాడు సురేష్. నవ్వు లేదు.

“అడగలా. చెప్తుండా.”

బర్రె దగ్గర నుంచి మామ కదల్లేదు. పావని లేచి, గూట్లో ఉన్న పలక తీసి, అంకె చెరగకుండా పాత చున్నీలో చుట్టుకుంది.

“అమ్మా,” అంది, తొమ్మిది రోజుల తర్వాత నా కళ్లలోకి చూస్తూ, “ఆడ గోడ ఉందా?”